దేశంలో దేశం, దానిలో మరొక దేశం

బంగ్లాదేశ్ ఉత్తర కొసన, పంచగఢ్ జిల్లాలో దేవీగంజ్ అనే ప్రాంతమున్నది. అక్కడ ఒక చిన్న చేను. విస్తీర్ణం ఎకరం డెబ్బై సెంట్లకు మించదు. ఇల్లు లేదు, గుడిసె లేదు, బావి లేదు. జనపనార పండే మామూలు పల్లపు భూమి. దాని పేరు దహలా ఖాగ్రాబారీ. దారిన పోయేవాడు రెండోసారి తల తిప్పి చూడడు. కాని 2015 జులై 31 అర్ధరాత్రి వరకు ప్రపంచ పటంలో ఇటువంటి చేను ఇంకొకటి లేదు.

అంతవరకు ఆ చేను భారతదేశం. దాని చుట్టూ ఉన్న ఉపన్‌చౌకీ భజనీ గ్రామం బంగ్లాదేశ్. ఆ గ్రామాన్ని చుట్టుకొని ఉన్న బాలాపాడా ఖాగ్రాబారీ మళ్ళీ భారతదేశం. దాని చుట్టూ బంగ్లాదేశ్. చేను దున్నుకొనే రైతు బంగ్లాదేశీయుడు. పక్క గ్రామంలోనే అతని కాపురం. పొద్దున నాగలి భుజాన వేసుకొని పరదేశానికి పోయి, సాయంత్రానికి స్వదేశం చేరుకొనేవాడన్నమాట. గట్టు తగాదాలో అక్కడ ఎవరి తలైనా పగిలితే, చట్టప్రకారం విచారణ జరగవలసింది కూచ్‌బిహార్ జిల్లాలో. భారతీయ పోలీసు ఒకడు అక్కడికి చేరాలంటే నాలుగుసార్లు అంతర్జాతీయ సరిహద్దు దాటాలి. ఏ పోలీసూ దాటలేదు. దాటే అధికారం ఎవరికీ లేదు.

ఇటువంటి భూఖండాలను బెంగాలీలో ఛిట్‌మహల్ అంటారు. ఛిట్ అంటే తునక. మహల్ అంటే రాజభవనం కాదు. పూర్వపు శిస్తు లెక్కలలో ఒక భూభాగం, మన పాత రికార్డులలో కనిపించే మహాలు. ప్రభుత్వ పత్రాల ప్రకారం బంగ్లాదేశ్ భూమి నడుమ 111 భారత ఛిట్‌మహళ్ళు, భారత భూమి నడుమ 51 బంగ్లాదేశ్ ఛిట్‌మహళ్ళు ఉండేవి. మొదటివాటి విస్తీర్ణం 17,160 ఎకరాలు, రెండవవాటిది 7,110 ఎకరాలు. 2011 జులైలో రెండు ప్రభుత్వాలు కలిసి తలలు లెక్కించగా, అన్నిటిలో కలిపి 51,549 మంది తేలారు. స్వాతంత్ర్యం వచ్చిన అరవైనాలుగేళ్ళకు జరిగిన ఆ లెక్కింపులోనే, తమ ఉనికి ఏదో ఒక ప్రభుత్వపు కాగితంపైకి ఎక్కడం వారిలో చాలామంది చూశారు.

ఈ చిక్కుముడి మొదలు తెలుసుకోవాలంటే కూచ్‌బిహార్ వెళ్ళాలి. ఉత్తర బెంగాల్‌లో తోర్సా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం ఒకనాటి సంస్థాన రాజధాని. మహారాజా నృపేంద్ర నారాయణ్ 1887లో కట్టించిన ఎర్ర ఇటుకల రాజభవనం, గుమ్మటంతో సహా, నేటికీ నిలిచి ఉన్నది. జైపూర్ మహారాణి గాయత్రీదేవి పుట్టిల్లు ఈ వంశమే. ఛిట్‌మహళ్ళ పుట్టుకను గురించి ఇక్కడ ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది ఒక చదరంగం కథ. కూచ్‌బిహార్ మహారాజు, రంగపూర్ ఫౌజ్‌దారు చదరంగానికి కూర్చునేవారట. పందెంగా గ్రామాలను చీటీల మీద వ్రాసి ఒడ్డేవారట. గెలిచినవాడు చీటీ జేబులో వేసుకొని పోయేవాడట. జూదంలో రాజ్యాలు పోవడం భారతం విన్నవారికి కొత్త కాదు కనుక కథ చక్కగా నిలిచిపోయింది.

చరిత్రకారులు చెప్పేది ఇంత రసవత్తరంగా ఉండదు గాని, నమ్మదగినది. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మొగలులకు, కూచ్‌బిహార్‌కు మధ్య జరిగిన పోరు సంధితో ముగిసింది. బోదా, పాట్‌గ్రామ్, పూర్వభాగ్ అనే చక్లాలు మొగలుల వశమైనవి. అయితే ఆ చక్లాలలో కొన్ని ఊళ్ళను పట్టుకొని కూర్చున్న కూచ్‌బిహార్ భూస్వాములను మొగలులు కదిలించలేకపోయారు. ఇటు కూచ్‌బిహార్ లోపల భూములు పట్టుకొని ఉండిపోయిన మొగలు సైనికులు ఢిల్లీకే విధేయులమన్నారు. ఎవరి శిస్తు వారికి వెళ్ళేది. 1773లో కూచ్‌బిహార్ ఈస్టిండియా కంపెనీ రక్షణలోకి వచ్చిన తరువాత కూడా ఈ ఏర్పాటు చెదరలేదు.

అందులో ఎవరికీ వింత తోచలేదు. తోచవలసిన పని కూడా లేదు. తెలుగుదేశంలోనే మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెందినదై, నాలుగు వైపులా నిజాం రాజ్యం మధ్య ఉండేది. అక్కడి రైతు నైజాం పొలిమేర దాటి సంతకు వెళ్ళివచ్చాడే గాని తాను చెరలో ఉన్నానని ఎన్నడూ అనుకోలేదు. సరిహద్దు అంటే శిస్తు ఎవరికి కట్టాలో చెప్పే గీత. మనిషి అడుగును ఆపే గోడ కాదు. గీత గోడగా మారిన తరువాతనే కష్టం మొదలైంది.

1947 ఆగస్టులో రాడ్‌క్లిఫ్ బెంగాల్‌ను విభజించాడు. కూచ్‌బిహార్ అప్పటికి సంస్థానం కనుక అతని కత్తెర దాని జోలికి పోలేదు. 1949 ఆగస్టులో మహారాజా జగద్దీపేంద్ర నారాయణ్ విలీన పత్రంపై సంతకం చేశారు. సెప్టెంబరు 12న పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1950 జనవరి 1న సంస్థానం పశ్చిమ బెంగాల్‌లో ఒక జిల్లా అయింది. మహారాజుగారి ముక్కచెక్కలన్నీ ఆ సంతకంతో భారతదేశమైపోయాయి. రంగపూర్ వారి తునకలు అంతకుముందే పాకిస్తాన్ అయి ఉన్నవి. మొదట్లో రాకపోకలకు అంత ఇబ్బంది లేదు. 1952 అక్టోబరులో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసాల పద్ధతి వచ్చింది. ఆ రోజుతో ఛిట్‌మహళ్ళ తలుపులు మూసుకున్నవి.

ఇక్కడ చట్టం ఎంత వింతగా పనిచేసిందో నిదానంగా ఆలోచిస్తే గాని బోధపడదు. ఛిట్‌మహల్ వాసి తన ఊరు దాటాలంటే పరాయి దేశపు భూమి మీద అడుగు పెట్టాలి. అందుకు వీసా కావాలి. వీసాకు పాస్‌పోర్టు కావాలి. అవి ఇచ్చే కార్యాలయాలు పట్టణాలలో ఉన్నవి. పట్టణానికి పోవాలంటే వీసా లేకుండా పరాయి భూమి దాటాలి. అంటే చట్టబద్ధంగా ప్రయాణించడానికి కావలసిన కాగితం కొరకు ముందు చట్టాన్ని ఉల్లంఘించి ప్రయాణించాలి. ఈ సరిహద్దును గురించి బ్రెండన్ వైట్ వ్రాయగా మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనం ఈ విడ్డూరాన్ని వివరంగా నమోదు చేసింది. పాస్‌పోర్టు మాట అటుంచి, పొరుగూరి సంతలో ఉప్పు కొనుక్కొనడమే నేరం. విదేశీయుల చట్టం కింద పట్టుబడి జైలుకు పోయినవారున్నారు. శిక్ష ముగిశాక వారిని కాగితాల ప్రకారం స్వదేశమైన బంగ్లాదేశ్‌కు పంపిన సందర్భాలున్నవి. అక్కడ వారికి ఇల్లు లేదు, బంధువు లేడు. ఇల్లు చేరాలంటే మళ్ళీ దొంగచాటుగా సరిహద్దు దాటవలసిందే.

కూచ్‌బిహార్ నుండి దక్షిణంగా దాదాపు 25 కిలోమీటర్లు వెళితే దిన్‌హాటా వస్తుంది. దాని పరిసరాలలోని మశాల్‌డాంగా, పోయాతుర్‌కుఠీ గ్రామాలు 2015 వరకు బంగ్లాదేశ్. సరిహద్దు అనగానే తుపాకి పట్టిన సైనికుడిని ఊహించుకొని వచ్చే ప్రయాణికుడికి అక్కడ కనబడేవి వరిచేలు, వెదురు పొదలు, పోకచెట్లు, రేకు కప్పుల ఇళ్ళు. ఎక్కడ ఒక దేశం ముగిసి మరొకటి మొదలయ్యేదో తెలియజెప్పడానికి పొలాల మధ్య సరిహద్దు రాళ్ళు తప్ప మరేమీ ఉండేది కాదు. భారతదేశపు విద్యుత్తు తీగలు ఊరి పక్కగా పోయేవి. ఊరిలో దీపం వెలిగేది కాదు. రోడ్డు ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయేది.

చదువు విషయంలో జరిగినది మరీ విచిత్రం. బిడ్డను భారతీయ పాఠశాలలో చేర్చాలంటే తండ్రి భారతీయుడై ఉండాలి. అందుచేత పొరుగూరి భారతీయుణ్ణి ఎవరినైనా బతిమాలి, రిజిస్టరులో తండ్రిగా అతని పేరు వ్రాయించేవారు. కొందరు దయతో ఒప్పుకొనేవారు. కొందరు డబ్బు పుచ్చుకొనేవారు. కన్న తండ్రి బడి వాకిట నిలబడి ఉండగా మాస్టరు పిలిచేది మరొకరి కొడుకుగా. ప్రసవానికి ఆసుపత్రికి పోయే స్త్రీ భర్త పేరు చోట ఇంకొకరి పేరు చెప్పవలసి వచ్చేది. పరువు గల కుటుంబానికి ఇంతకంటె అవమానమేమున్నది? అయినా బిడ్డ చదువు కొరకు, తల్లి ప్రాణం కొరకు ఊళ్ళకు ఊళ్ళు ఆ అబద్ధం ఆడినవి. పొలం అమ్మినా, కొన్నా రిజిస్ట్రారు లేడు. కాగితం వ్రాసుకొని, ఊరి పెద్దల చేత సాక్షి సంతకాలు చేయించుకొని, మాట మీద నిలబడేవారు. దొంగ పడ్డా, హత్య జరిగినా ఫిర్యాదు తీసుకొనే ఠాణా లేదు. ఈ సంగతి నేరస్థులకు బాగా తెలుసు. పొరుగు దేశంలో నేరం చేసి ఛిట్‌మహల్‌లో తలదాచుకొంటే ఏ పోలీసూ రాలేడు.

మరి ఈ తునకలను మార్చుకొంటే సరిపోయేది గదా అనిపిస్తుంది. నెహ్రూకు, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్‌కు 1958లోనే ఈ మాట తోచింది. ఆ సెప్టెంబరు 10న వారు చేసుకొన్న ఒప్పందంలో ఛిట్‌మహళ్ళ మార్పిడి ఒక అంశం. దానితోపాటు బేరూబారీ అనే మరొక పేరు కూడా చేరింది. వ్యవహారమంతా అక్కడే చిక్కుకున్నది.

బేరూబారీ ఛిట్‌మహల్ కాదు. జల్పాయిగుడి జిల్లా దక్షిణాన దాదాపు తొమ్మిది చదరపు మైళ్ళ యూనియను. రాడ్‌క్లిఫ్ తన తీర్పులో సరిహద్దును ఠాణాల పేర్లతో వర్ణిస్తూ బోదా ఠాణా పేరు వ్రాయడం మరచిపోయాడు. ఆ లోపాన్ని ఆధారం చేసుకొని పాకిస్తాన్ 1952లో బేరూబారీ తనదన్నది. చెరిసగం చేసుకొందామని 1958 ఒప్పందం. కలకత్తా శాసనసభ ససేమిరా అన్నది. గ్రామస్థులు తిరగబడ్డారు. చివరకు రాష్ట్రపతి ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు అభిప్రాయానికి పంపారు: భారత ప్రభుత్వం దేశంలోని భూమిని మరొక దేశానికి ఇవ్వగలదా? ఇస్తే ఏ దారిన ఇవ్వాలి?

ఇది భూమిని ఇవ్వడం కాదు, సరిహద్దు ఎక్కడున్నదో తేల్చుకొనడం మాత్రమేనని అటార్నీ జనరల్ సెతల్వాడ్ వాదించారు. ఎనిమిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదాన్ని అంగీకరించలేదు. రాజమండ్రి వాస్తవ్యులైన కోకా సుబ్బారావు ఆ ధర్మాసనంలో ఒకరు. 1960 మార్చి 14న గజేంద్రగడ్కర్ వెలువరించిన అభిప్రాయం సారాంశమిది: భూమిని వదులుకొనే అధికారం సర్వసత్తాక దేశానికి ఉన్నది, అయితే మంత్రివర్గం సంతకంతోనో, మామూలు శాసనంతోనో అది కుదరదు, రాజ్యాంగాన్నే సవరించాలి. ఛిట్‌మహళ్ళకూ అదే నియమం వర్తిస్తుంది. ఆ పత్రంలోనే, రాజ్యాంగ ప్రవేశిక రాజ్యాంగంలో భాగం కాదని కూడా కోర్టు అన్నది. ఆ మాటను 1973లో కేశవానంద భారతి కేసులో వెనక్కు తీసుకున్నది. ఇంత పెద్ద ప్రశ్నలు లేవనెత్తింది పాట్నా దాటని ప్రయాణికులెవ్వరూ పేరు కూడా వినని ఒక పల్లెటూరి యూనియను.

బేరూబారీ వారికి ఈ తీర్పు కోటగోడ అయింది. 1960 డిసెంబరులో తొమ్మిదవ సవరణ వచ్చినప్పటికీ వారు మళ్ళీ మళ్ళీ న్యాయస్థానాలకెక్కారు. 1965లో సుప్రీంకోర్టు వారి వాదాన్ని తోసిపుచ్చే నాటికి యుద్ధం వచ్చింది. తరువాత 1971లో పాకిస్తానే చీలిపోయింది. 1974 మే 16న ఇందిరాగాంధీ, ముజీబుర్ రెహమాన్ కొత్త ఒప్పందం చేసుకొని, దక్షిణ బేరూబారీని భారతదేశానికే ఉంచారు. ప్రజల భూమిని ప్రజలను అడగకుండా ఇవ్వరాదన్న సూత్రం గొప్పది, కాదనలేము. కాని అదే సూత్రం, అదే తాడు, ఛిట్‌మహల్ వాసులను మరొక యాభై అయిదేళ్ళు కట్టిపడేసింది. వారిది కూడా భారతదేశ భూమే గనుక రాజ్యాంగ సవరణ లేనిదే కదల్చరాదు. సవరణకు కావలసిన బలం, మనసు ఏ పార్లమెంటుకూ కూడిరాలేదు. తమ నేల పోకూడదని బేరూబారీ వారు చట్టాన్ని ఆశ్రయించి గెలిచారు. ఛిట్‌మహల్ వాసులకు ఆశ్రయించడానికి కోర్టే లేదు. బంగ్లాదేశ్ 1974లోనే తన రాజ్యాంగాన్ని సవరించుకొని ఎదురుచూస్తూ కూర్చున్నది.

ఎకరాలలో భారతదేశం నష్టపోతున్నదని వినిపించిన అభ్యంతరం చిన్నది కాదు. పదివేల ఎకరాల తేడా! కాని ఏ అధికారీ కాలు పెట్టలేని, ఒక్క రూపాయి శిస్తు రాని, ఒక్క ఓటు పడని ఎకరాలవి. పటం మీద తప్ప ఎక్కడా లేని ఆస్తిని పోగొట్టుకొనడమెలాగో అభ్యంతరం చెప్పినవారు వివరించలేదు.

2015 మే 7న లోక్‌సభ నూరవ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. జులై 31 అర్ధరాత్రి మశాల్‌డాంగాలో జనం అరవైఎనిమిది కొవ్వొత్తులు వెలిగించారు, గడచిన ఏడాదికి ఒకటి చొప్పున. తాము పుట్టిన ఇంట్లోనే కూర్చొని వేలమంది ఆ రాత్రి దేశం మారారు. ఎవరికి ఇష్టమైన పౌరసత్వం వారు కోరుకొనవచ్చునని రెండు ప్రభుత్వాలు అవకాశమిచ్చినవి. భారతదేశం లోపలి ఛిట్‌మహళ్ళ నుండి బంగ్లాదేశ్‌కు పోతామన్నవారు ఒక్కరు కూడా లేరు. అటువైపు ఉన్న ముప్పైఏడు వేలమందిలో వేయిమందికి లోపే భారతదేశాన్ని కోరుకొన్నారు. చివరకు వచ్చినవారు దాదాపు 920 మంది. మనిషి దేశం కంటె ముందు ఊరిని ఎన్నుకొంటాడేమో! అలా వచ్చినవారిని దిన్‌హాటా, మేఖ్లీగంజ్, హల్దీబారీ శిబిరాలలో రేకు గదులలో ఉంచారు. తాత్కాలికమన్న ఆ గదులలో ఏళ్ళు గడిచినవి. అటు అమ్ముకోలేక వదిలి వచ్చిన పొలాల మాట వారి నోట ఆగలేదు.

2016 మే 5న పశ్చిమ బెంగాల్ శాసనసభ ఎన్నికలలో పాత ఛిట్‌మహళ్ళ ప్రజలు తొలిసారి ఓటు వేశారు. వారిలో నూరేళ్ళు దాటిన వృద్ధులు కూడా ఉన్నారు. భూమి హక్కుల కొరకు రాష్ట్ర శాసనసభ 2018 నవంబరులో చట్టాన్ని సవరించింది. రోడ్లు పడినవి, దీపాలు వెలిగినవి. అయితే పాత అబద్ధాలు అంత సులభంగా చెరిగిపోలేదు. అరువు తండ్రి పేరుతో పరీక్షలు ప్యాసైన యువకుడు ఇప్పుడు భారత పౌరుడు. ఓటరు కార్డు మీద కన్న తండ్రి పేరు, పాఠశాల సర్టిఫికెట్టు మీద మరొకరి పేరు. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే గుమాస్తా అడిగే మొదటి ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. నిజం చెబితే సర్టిఫికెట్టు చెల్లదు. అబద్ధం చెబితే పౌరసత్వం అనుమానాస్పదం.

ఇక మిగిలినది ఒక్కటి. మేఖ్లీగంజ్ సమీపాన, తీస్తా నది వైపు, బంగ్లాదేశ్‌కు చెందిన దహగ్రామ్-అంగర్‌పోతా ఇప్పటికీ భారత భూమి నడుమనే ఉన్నది. దక్షిణ బేరూబారీని ఉంచుకొన్నందుకు బదులుగా, దహగ్రామ్ వారు తమ దేశానికి నడిచిపోవడానికి 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు గల దారిని భారతదేశం శాశ్వతంగా కౌలుకు ఇచ్చింది. దాని పేరు తీన్ బీఘా. 1982 నాటి నిబంధనల ప్రకారం కౌలు ఏడాదికి ఒక టాకా. ఆ టాకా కూడా వసూలు చేయబోమని అదే పత్రంలో వ్రాశారు. దారికి అటువైపునున్న కూచ్లీబారీ భారతీయులు తాము దేశం నుండి తెగిపోతామని భయపడ్డారు. ఛిట్‌మహల్ వాసుల భయం వారికి తెలియనిదా? ఉద్యమం లేచింది, కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. వివాదం సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఇది పేరుకే కౌలు, సార్వభౌమాధికారం భారతదేశం చేతిలోనే ఉన్నది కనుక రాజ్యాంగ సవరణ అక్కరలేదని 1990లో కోర్టు తేల్చింది. 1992 జూన్ 26న గేటు తెరిచారు. మొదట పగటిపూట గంట విడిచి గంట మాత్రమే. రాత్రి జబ్బు చేసిన దహగ్రామ్ వాసి తెల్లవారేదాకా గేటు దగ్గర పడి ఉండవలసిందే. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచడం 2011లో మొదలైంది.

నేడు తీన్ బీఘాలో రెండు రోడ్లు ఒకదానినొకటి అడ్డంగా దాటుతాయి. తూర్పు పడమరల రోడ్డు మీద బంగ్లాదేశీయులు, ఉత్తర దక్షిణాల రోడ్డు మీద భారతీయులు. కూడలిలో భారత సరిహద్దు దళపు జవాను నిలబడి చేయి చూపుతాడు. ఒక చేయి ఎత్తితే ధాన్యం బస్తాల బండ్లు, సైకిళ్ళు బంగ్లాదేశ్ నుండి బంగ్లాదేశ్‌కు పోతాయి; రెండో చేయి ఎత్తితే మేఖ్లీగంజ్ సంత నుండి వచ్చేవారు భారతదేశం నుండి భారతదేశానికి పోతారు. ఇరువైపులవారు పరస్పరం చూసుకొంటారు. మలుపు తిరిగి అవతలి రోడ్డెక్కడానికి మాత్రం ఎవరికీ అనుమతి లేదు.